ఈఆర్‌పీతో వచ్చిన లాభం ఏ పద్దులో కనిపిస్తుంది?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా శిక్షణ సంస్థల బోర్డుల మీద శాప్ ఫైకో, ఎంఎం, ఎస్‌డీ, అబాప్ అన్న సాఫ్ట్‌వేర్ కోర్సుల పేర్లు వరసగా కనిపిస్తాయి. అక్కడ నేర్చుకున్నవారిలో ఎంతోమంది మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో కూర్చుని అమెరికా, యూరప్ కంపెనీల ఈఆర్‌పీ (ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్, అంటే కంపెనీలోని అన్ని విభాగాల పనినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) వ్యవస్థలను నిలబెడుతున్నారు, నడుపుతున్నారు. అదే నగరంలో జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో, చర్లపల్లిలోనో ఉన్న ఒక మధ్యతరహా కర్మాగారం యజమానిని "మీరు పెట్టించిన ఈఆర్‌పీ వల్ల ఇప్పటిదాకా ఎంత మిగిలింది?" అని అడిగితే సూటిగా ఒక అంకె చెప్పగలిగేవారు అరుదు. "అది లేకపోతే ఇప్పుడు పనే జరగదండీ" అన్న జవాబు మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు. అయితే అది ఆ వ్యవస్థ మీద ఎంతగా ఆధారపడ్డామో చెబుతుందే తప్ప, దానివల్ల ఏం సంపాదించామో చెప్పదు. ఈ రెండింటినీ విడదీయడం ఎందుకు కష్టమో, విడదీయాలంటే ఏ లెక్కలు ఎలా వేసుకోవాలో చూద్దాం.

కొనుగోలు, స్టోర్స్, ఉత్పత్తి, నాణ్యత పరీక్ష, అమ్మకాలు, ఖాతాలు, జీతాలు, ఇలా ఎవరి పుస్తకం వారిది కాకుండా అందరికీ ఒకే డేటాబేస్ ఉండటమే ఈఆర్‌పీలోని కీలకం. స్టోర్స్‌లో ఒక సరుకు దిగినట్టు నమోదు చేస్తే ఆ ఒక్క నమోదే స్టాకును పెంచుతుంది, సరఫరాదారుకు ఇవ్వాల్సిన బాకీకి ఆధారమవుతుంది, నమూనా తీసి పరీక్షించాలని క్యూసీ విభాగానికి తెలియజేస్తుంది. ముడిసరుకు అవసరాలను కంప్యూటర్ మీద లెక్కగట్టే పద్ధతులు 1960ల నుంచే పెరుగుతూ వచ్చాయి. 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ వాటి తర్వాతి తరానికి ఈఆర్‌పీ అని పేరు పెట్టింది. జర్మనీకి చెందిన శాప్ 1992లో తెచ్చిన ఆర్/3తో అది ప్రపంచమంతటికీ పాకింది.

ఒకే నమోదు ఇన్నిచోట్ల పనిచేయడం దాని బలం. కొలతలో చిక్కు కూడా అక్కడే పుడుతుంది. కొత్త బాయిలర్ కొంటే టన్ను ఆవిరికి ఎంత బొగ్గు తగ్గిందో నెల తిరిగేసరికి బిల్లులోనే తెలుస్తుంది, బాయిలర్ ఖర్చూ ఇంధనం ఆదా ఒకే విభాగం పద్దులో ఉంటాయి. ఈఆర్‌పీలో శ్రమ ఒకరిది, ఫలితం ఇంకొకరిది. స్టోర్స్ గుమస్తా ప్రతి పీపానూ ఓపికగా ఎక్కిస్తాడు, దాని ఫలితం ఆర్థిక విభాగంలో బ్యాంకు వడ్డీ తగ్గుదలగా కనిపిస్తుంది, ఆ తగ్గుదలను తమ బేరసారాల గొప్పతనంగా ఫైనాన్స్ మేనేజర్ చెప్పుకుంటాడు.

ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లోనే కంప్యూటర్ల యుగం అన్నిచోట్లా కనిపిస్తోంది గానీ ఉత్పాదకత గణాంకాల్లో మాత్రం కనిపించడం లేదని రాశారు. ఆ తర్వాత ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్ వంటివారు దానికి చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఒకటుంది: యంత్రంతోపాటు పని పద్ధతులు, నైపుణ్యాలు, అధికారాల పంపకం కూడా మారితేనే ఫలితం వస్తుంది, ఆ మార్పుకు ఏళ్లు పడుతుంది, దాని ఖర్చు పుస్తకాల్లో పెట్టుబడిగా కనిపించదు. ఈఆర్‌పీ మీద విడిగా జరిగిన అధ్యయనాలదీ ఇదే దారి. పోస్టన్, గ్రాబ్‌స్కీ 2001లో ప్రచురించిన పరిశీలనలో అమ్మకాలతో పోల్చినప్పుడు సరుకు తయారీ వ్యయం నిష్పత్తి మూడో ఏట గానీ మెరుగుపడలేదు. లోరిన్ హిట్ బృందం 2002లో ఈఆర్‌పీ పెట్టిన కంపెనీలు అనేక కొలమానాల్లో ముందున్నాయని చూపుతూనే, అమలు పూర్తయిన వెంటనే కొంతకాలం పనితీరు తగ్గుతుందనీ గుర్తించింది. 2007లో హెండ్రిక్స్, సింఘాల్, స్ట్రాట్‌మన్ చూసినప్పుడు లాభదాయకత కొంత మెరుగుపడినట్టు ఆనవాళ్లు దొరికాయి గానీ షేరు ధరలో ఆ మెరుగు కనబడలేదు. ఇవన్నీ స్టాక్ మార్కెట్లో నమోదైన పెద్ద అమెరికన్ కంపెనీల సగటులు. బొల్లారంలోని ఒక యూనిట్ యజమానికి ఇవి ఓపిక పట్టమని చెబుతాయి. ఆయన డబ్బు తిరిగొచ్చిందో లేదో చెప్పలేవు.

ప్రతిపాదనలో ఉండే లెక్క

కొనుగోలుకు ముందు అమ్మకందారు ఇచ్చే ప్రతిపాదనలో పెట్టుబడిపై రాబడి ఇంత శాతం, డబ్బు తిరిగొచ్చే కాలం ఇన్ని నెలలు అన్న పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి చూడటానికి ఒక ఊహాత్మక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) కంపెనీని తీసుకుందాం. దానికి జీడిమెట్లలో ఒక యూనిట్, పాశమైలారంలో మరొకటి ఉన్నాయనీ, మొదట జీడిమెట్లలోనే ఈఆర్‌పీ పెడుతున్నారనీ అనుకుందాం. ఆ యూనిట్‌లో ఏడాదికి అమ్మిన సరుకు వ్యయం 73 కోట్ల రూపాయలు, అంటే రోజుకు 20 లక్షలు. స్టాకు 70 రోజులకు సరిపడా ఉంది, అంటే 14 కోట్లు. ఏడాది అమ్మకాలు 109.5 కోట్లు, రోజుకు 30 లక్షలు. ఖాతాదారుల నుంచి డబ్బు రావడానికి సగటున 95 రోజులు పడుతోంది.

ఖర్చు వైపు, అమలు చేసే సంస్థకు 1.60 కోట్లు, డేటా శుద్ధికీ శిక్షణకూ 17 లక్షలు. చాలా ప్రతిపాదనల్లో కనిపించని మరో పద్దు ఉంటుంది, అది సొంత మనుషుల కాలం. తొమ్మిదిమంది అనుభవజ్ఞులు పది నెలలపాటు ఇదే పనిలో ఉంటే, నెలకు సగటున 70 వేల చొప్పున 63 లక్షలు. మొత్తం 2.40 కోట్లు. ఆపైన ఏటా సాఫ్ట్‌వేర్ చందా, నిర్వహణ కలిపి 60 లక్షలు.

ప్రతిపాదన చెప్పేది ఇది: స్టాకు 70 రోజుల నుంచి 58 రోజులకు తగ్గుతుంది, 12 రోజులంటే 2.40 కోట్లు, కాబట్టి మొదటి ఏడాదిలోనే పెట్టిందంతా తిరిగొచ్చేస్తుంది. దాని కింది వరసలోనే స్టాకు తగ్గినందువల్ల ఏటా 24 లక్షల వడ్డీ ఆదా అని ఇంకో పద్దు ఉంటుంది.

ఇందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆ 2.40 కోట్లు కొత్తగా సంపాదించింది కాదు. గోడౌన్‌లో పీపాల రూపంలో ఉన్న సొంత డబ్బే బ్యాంకు ఖాతాలోకి వచ్చింది. లాభనష్టాల ఖాతాకు చేరేది దానిమీద ఆదా అయ్యే వడ్డీయే. క్యాష్ క్రెడిట్ (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు) మీద 10 శాతం వడ్డీ అనుకుంటే అది ఏటా 24 లక్షలు. రెండోది, ఏటా 24 లక్షలు శాశ్వతంగా వస్తాయనుకుని 10 శాతం చొప్పున నేటి విలువకు మారిస్తే అది సరిగ్గా 2.40 కోట్లే అవుతుంది. అంటే ఆ రెండు వరసలూ ఒకే లాభానికి రెండు పేర్లు. ఒకటి రాస్తే రెండోది కొట్టేయాలి.

శాశ్వతం అన్న ఊహ కూడా ఉదారమైనదే. సాధారణంగా ఇటువంటి వ్యవస్థకు ఏడేళ్ల ఆయుర్దాయం పెట్టుకుని లెక్క చూస్తారు. ఏడేళ్లపాటు ఏటా 24 లక్షలు అంటే నేటి విలువలో 1.17 కోట్లు మాత్రమే. స్టాకు మూడో ఏట మళ్లీ 66 రోజులకు పాకితే అంతకూడా ఉండదు. అలా పాకడం నేను చాలాచోట్ల చూశాను. ధర పెరుగుతుందన్న పుకారు ఒక్కటి చాలు, కొనుగోలు విభాగం రెండు నెలల సరుకు తెచ్చి పడేస్తుంది, తెర మీద ఎర్రని హెచ్చరిక ఎన్నిసార్లు వెలిగినా సరే.

బాకీల వసూలు 95 రోజుల నుంచి 90కి తగ్గితే 1.50 కోట్లు విడుదలై 15 లక్షల వడ్డీ మిగులుతుంది. ఇన్‌వాయిస్‌లో తప్పులు దొర్లడం వల్ల, ఎగుమతి పత్రాలు సరిపోలకపోవడం వల్ల ఆగిన బాకీలను ఈఆర్‌పీ తగ్గించగలదు. మొండి ఖాతాదారు ఇంటి ముందు కూర్చోవడం దాని పని కాదు. కాబట్టి ఆ ఐదు రోజుల్లో ఏది దేని వాటానో విడిగా చూడాల్సిందే.

రెండూ కలిపితే 39 లక్షలు. ఏటా నడిపే ఖర్చు 60 లక్షలు. నిర్వహణ మూలధనం ఆదా ఒక్కటే అయితే రోజువారీ ఖర్చుకే చాలదు, మొదట పెట్టిన 2.40 కోట్ల సంగతి తర్వాత. ప్రతిపాదన రాసేవారికి ఇది తెలుసు. అందుకే ఇక్కడ గంటల లెక్కలోకి దిగుతారు: నెలకు 600 పని గంటలు మిగులుతాయి, గంటకు 250 రూపాయలు, ఏడాదికి 18 లక్షలు.

ఈ 18 లక్షలను నేను పూర్తిగా కొట్టేస్తాను, ఆ తర్వాత రుజువు చూపిన మేరకే తిరిగి కలుపుతాను. గంటలు మిగిలినంత మాత్రాన జీతాల పద్దు తగ్గదు. రాబోయే ఏడాదిలో తీసుకోవాల్సిన ఇద్దరిని తీసుకోకుండా ఆగామా, ఓవర్‌టైం తగ్గిందా, లేక ఆ గంటలను పేరుపెట్టి చెప్పగల మరో పనికి మళ్లించామా అన్నది చూడాలి. మూడోది ఆసక్తికరమైనది. బిల్లులను ఆర్డర్లతో పోల్చి చూసే పని తప్పిన అకౌంట్స్ ఉద్యోగిని జీఎస్‌టీఆర్-2బీలో (సరఫరాదారుల రిటర్నుల నుంచి జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే నివేదికలో) కనబడని బిల్లుల వెంట పడి, సరఫరాదారుల చేత రిటర్నులు వేయించి, ఆగిపోయిన ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు దక్కే మినహాయింపును) రాబట్టవచ్చు. అప్పుడు మిగిలిన గంటల విలువ గంటకు 250 రూపాయలు కాదు, రాబట్టిన క్రెడిట్ ఎంతో అంత. అది లెడ్జర్‌లో చూపించగల అంకె.

లేకపోయి ఉంటే ఏమయ్యేది?

ఈఆర్‌పీ రాకముందు ఎలా ఉంది, వచ్చాక ఎలా ఉంది అని పోల్చి తేడా అంతా దాని ఖాతాలో వేయడం అన్నింటికంటే తరచుగా జరిగే పొరపాటు. ఆ రెండేళ్లలో చైనా నుంచి వచ్చే ఇంటర్మీడియట్ల ధరలు పడిపోయి ఉండవచ్చు, ఓడరేవులో జాప్యం తగ్గి ఉండవచ్చు, కొత్త ప్లాంట్ హెడ్ వచ్చి ఉండవచ్చు. తేడాలో ఈఆర్‌పీ వాటా తెలియాలంటే అది లేకుండా అదే కాలం గడిపిన యూనిట్ ఒకటి పోలికకు కావాలి.

మన ఊహాత్మక కంపెనీకి ఆ అవకాశం ఉంది. జీడిమెట్లలో మొదట అమలు చేసి, పాశమైలారంలో ఏడాదిన్నర తర్వాత చేస్తున్నారు. ఆ మధ్యకాలంలో జీడిమెట్ల స్టాకు 70 రోజుల నుంచి 58కి, పాత పద్ధతిలోనే నడుస్తున్న పాశమైలారం స్టాకు 68 నుంచి 63కి తగ్గిందనుకుందాం. ఐదు రోజులు ఎలాగూ తగ్గేవే. ఈఆర్‌పీకి చెందేది ఏడు రోజులు, 1.40 కోట్లు, ఏటా 14 లక్షల వడ్డీ. ప్రతిపాదనలోని 24 లక్షలు ఒక్క కూడికా తీసివేతతో 14 అయ్యాయి. ఈ పోలికా లోపం లేనిది కాదు. కంపెనీలు సాధారణంగా బాగా నడిచే యూనిట్‌నే ముందు ఎంచుకుంటాయి, దాని అలవాట్లు రెండో యూనిట్‌కూ పాకుతాయి. అయినా పోలికే లేకపోవడం కంటే ఇది చాలా మేలు. విడతలవారీ అమలును ఎంతసేపూ రిస్కు తగ్గించుకునే ఉపాయంగానే చూస్తారు గానీ, కొలవడానికి అంతకంటే మంచి సందర్భం మళ్లీ దొరకదు.

చట్టపరమైన నిబంధనల విషయంలోనూ ఇదే పోలిక పనికొస్తుంది. ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారి వరకూ వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు ఆనవాలూ చెరగకుండా నిలవాలన్న నిబంధన కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వీటిని ఉల్లంఘిస్తే పడే జరిమానాలన్నీ తప్పించినట్టు ఈఆర్‌పీ ఖాతాలో రాస్తే అంకె ఘనంగా కనిపిస్తుంది. కానీ ఈఆర్‌పీ కొనకపోయి ఉంటే ఆ కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చునేది కాదు, ట్యాలీ వంటి దానితోనో, ఇంకేదైనా చిన్న సాఫ్ట్‌వేర్‌తోనో అవే నిబంధనలను పాటించేది. పోల్చాల్సింది ఆ చవకైన ప్రత్యామ్నాయంతో. మిగిలే తేడాయే ఈఆర్‌పీది, చాలా సందర్భాల్లో అది చిన్నది.

ఔషధ ఎగుమతిదారులకు మాత్రం ఆ తేడా పెద్దదే కావచ్చు. అమెరికా మార్కెట్‌కు సరుకు పంపేవారి ఎలక్ట్రానిక్ రికార్డుల్లో ఎవరు, ఎప్పుడు, దేన్ని, ఎలా మార్చారన్నది నిలిచి ఉండాలని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997 నాటి నిబంధన, 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11, కోరుతుంది. ఎక్సెల్ షీట్లతో దాన్ని నెగ్గుకురావడం కష్టం. అయితే వ్యవస్థను వ్యాలిడేట్ చేసి (అది అనుకున్నట్టే పనిచేస్తోందని పరీక్షించి రుజువు చేసి), ఆ పత్రాలన్నీ భద్రపరిచే ఖర్చు కూడా తడిసి మోపెడవుతుంది, దాన్ని ఎదుటి వరసలో రాయాలి.

నమోదు నుంచి నిర్ణయం దాకా

ఇంతవరకూ చెప్పింది పాత అంకెలను సరిదిద్దే పని. నా దృష్టిలో అసలు కొలత ఇంకొకటి ఉంది. ఈఆర్‌పీ తనంతట తాను ఒక్క రూపాయి కూడా సంపాదించదు. ఒక సంగతి నిజంగా జరిగినప్పుడే నమోదవ్వాలి, నమోదైన అంకెను జనం నమ్మాలి, నమ్మినందువల్ల ఎవరో ఒకరు ఇదివరకు తీసుకోని నిర్ణయం తీసుకోవాలి, ఆ నిర్ణయం డబ్బుగా మారాలి. ఈ వరసలో ఏ చోట తెగినా చివరి అంకె సున్నా. కాబట్టి చివరి అంకె ఒక్కదాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా ప్రతి మెట్టునూ విడిగా కొలవాలి.

మొదటి మెట్టు ఎలా తెగుతుందో స్టోర్స్ గుమ్మం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. సోమవారం ఉదయం నీలంరంగు పీపాలు లారీ దిగుతాయి, గేటు రిజిస్టర్‌లో 9.40 అని సమయం పడుతుంది. పీపాల మీద పరీక్ష అయ్యేదాకా వాడకూడదని చెప్పే పసుపుపచ్చ క్వారంటైన్ లేబుళ్లు అంటిస్తారు. కంప్యూటర్‌లో ఎక్కించాల్సిన కుర్రాడు సెలవులో ఉండటం వల్ల జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు చేసే నమోదు) బుధవారం సాయంత్రం పడుతుంది. ఈలోగా ఉత్పత్తి విభాగం నుంచి ఒకరు వచ్చి, పాత లాట్‌లోని ఎనిమిది పీపాలను తెల్లకాగితం మీద సంతకం పెట్టి తీసుకుపోతారు, "తర్వాత ఎక్కిద్దాంలే అన్నా" అంటారు. ఆ లాట్‌లో ఎంత మిగిలిందో చేత్తో రాసే, ర్యాక్‌కు వేలాడే బిన్ కార్డు 14 పీపాలంటుంది, తెర 22 అంటుంది. కార్డే నిజమని అందరికీ తెలుసు. అప్పటి నుంచి ప్లానింగ్ మేనేజర్ ప్రతి ఆర్డరుకూ ముందు స్టోర్స్‌కు ఫోన్ చేసి కనుక్కుంటాడు, అనుమానం ఉన్నచోట నాలుగు రోజుల సరుకు ఎక్కువే తెప్పిస్తాడు. స్టాకు తగ్గిస్తుందన్న వ్యవస్థ చేతులమీదుగానే స్టాకు పెరుగుతుంది.

దీన్ని కొలవడానికి సర్వేలు అక్కర్లేదు. లావాదేవీ జరిగిన తేదీ, దాన్ని ఎక్కించిన తేదీ రెండూ వ్యవస్థలోనే ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఎన్ని గంటల తేడా ఉందో వారంవారం విభాగాలవారీగా తీస్తే చాలు. వెనకటి తేదీతో వేసిన నమోదులు ఎన్ని, స్టాకు సున్నా కంటే కిందికి పోయిన వస్తువులు ఎన్ని, రోజుకు ఇరవై వస్తువులు ఎంచి లెక్కపెడితే తెరతో సరిపోయినవి ఎన్ని, నెలవారీ సమీక్షకు ఇంకా ఎక్సెల్‌లో తయారై వస్తున్న నివేదికలు ఎన్ని, నెల ఖాతాలు ఏ తేదీకి ముగుస్తున్నాయి. వీటికి రూపాయల విలువ లేదు. కానీ ఇవి బాగుపడకుండా రూపాయల్లో లాభం వచ్చిందని ఎవరైనా చెబితే అది కాకిలెక్క అనుకోవచ్చు. ఇవి అమలైన మూడు నెలల్లోనే తెలుస్తాయి, లాభం కనబడటానికి మూడేళ్లు పట్టినా సరే.

నిర్ణయం డబ్బుగా మారే తీరుకు బల్క్ డ్రగ్ యూనిట్లలో సాల్వెంట్‌ను (రసాయనాలను కరిగించే ద్రవాన్ని) మించిన ఉదాహరణ లేదు. ఒక బ్యాచ్‌లో వాడిన టోలుయీన్ అనే సాల్వెంట్‌లో ఎక్కువ భాగాన్ని స్వేదనం చేసి తిరిగి రాబడతారు, ఎంత తిరిగి రావాలన్నదానికి ఒక నార్మ్ (ముందే పెట్టుకున్న ప్రమాణం) ఉంటుంది. రికవరీ కండెన్సర్‌కు చల్లనీరు సరిగా అందకపోతే బ్యాచ్‌కు 400 లీటర్లు ఆవిరైపోతున్నాయనుకుందాం. లీటరు 90 రూపాయల చొప్పున బ్యాచ్‌కు 36 వేల నష్టం. పాత పద్ధతిలో కాస్టింగ్ విభాగం నెలాఖరు ఖాతాలు మూసి, వచ్చే నెల పదో తేదీకి ఈ తేడాను పట్టుకునేసరికి ఇరవై బ్యాచ్‌లు నడిచిపోతాయి. రికవరీ అంకె ఏ బ్యాచ్‌ది ఆ రోజే నమోదైతే రెండో బ్యాచ్ తర్వాతే తెలుస్తుంది. మిగిలిన 18 బ్యాచ్‌ల మీద 6.48 లక్షలు దక్కుతాయి. ఇందులో ఊహించాల్సింది తక్కువ: ఇటువంటివి ఏడాదిలో ఎన్ని జరిగాయి, ఎంత ముందుగా తెలిశాయి, తెలిశాక మెయింటెనెన్స్ వాళ్లు ఏ తేదీన బాగుచేశారు అన్నవన్నీ కాగితం మీద ఉంటాయి. బాగుచేసిన తేదీ లేని సందర్భానికి విలువ సున్నా వేయాలి, ఎంత ముందుగా తెలిసినా సరే.

ఇలాంటి సంఘటనలను ఒక్కొక్కటిగా రాసుకునే రిజిస్టర్ ఒకటి పెట్టుకుంటే, రీటెస్ట్ గడువు (మళ్లీ పరీక్షించాల్సిన తేదీ) దాటకముందే వాడేసిన లాట్లు, సరుకు లేదని ఆఖరి నిమిషంలో తెలిసి విమానంలో తెప్పించాల్సిన అవసరం తప్పిన సందర్భాలు, రెండుసార్లు చెల్లించబోయి ఆపిన బిల్లులు అన్నీ అందులోకి వస్తాయి. ఏడాది చివర ఆ రిజిస్టర్ మొత్తం ప్రతిపాదనలోని మొత్తం కంటే చిన్నదిగానే ఉంటుంది. ఆడిటర్ ముందు నిలబడేది మాత్రం అదే.

మొదటి ఏడాది సంగతి

అమలైన వెంటనే పని కుంటుపడటాన్ని ఖర్చుగా ఎవరూ రాయరు. అమెరికాలో హర్షీ కంపెనీ సుమారు 11.2 కోట్ల డాలర్ల వ్యవస్థను 1999 జులైలో, అంటే హాలోవీన్ ఆర్డర్లు ఊపందుకునే ముందు ప్రారంభించింది. గోదాముల్లో చాక్లెట్లు ఉన్నా ఆర్డర్లు పంపలేకపోయింది, ఆ త్రైమాసికంలో లాభం దాదాపు 19 శాతం పడిపోయింది. మన దగ్గర ఓపెనింగ్ బ్యాలెన్సులకు సులువని ఏప్రిల్ 1న మొదలుపెట్టడం ఆనవాయితీ. ఖాతాలవారికి అది నిజంగానే సులువు. మార్చి నెలంతా అమ్మకాల లక్ష్యం కోసం రాత్రింబగళ్లు పరిగెత్తిన డిస్పాచ్, స్టోర్స్ మనుషులకు మాత్రం అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. మొదటి రెండు త్రైమాసికాల్లో ఎన్ని డిస్పాచ్‌లు ఆలస్యమయ్యాయి, ఎన్ని ఆర్డర్లు రద్దయ్యాయి అన్నది ముందే ఒక అంచనాతో ఖర్చు వరసలో వేసుకోవాలి. అది వేసుకోని పట్టికలో డబ్బు తిరిగొచ్చే కాలం ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

తమ అలవాటుకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను మార్పించుకునే ఖర్చు రెండోది. జర్మనీ రిటైల్ సంస్థ లిడ్ల్ సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో తన శాప్ ప్రాజెక్టును ఆపేసింది. స్టాకును కొన్న ధరకు లెక్కగట్టే తన పద్ధతిని వదులుకోకపోవడం, వ్యవస్థేమో అమ్మకం ధరను ఆధారంగా చేసుకోవడం అక్కడి చిక్కుల్లో ఒకటని వార్తలు వచ్చాయి. చిన్న కంపెనీల్లో ఇది చిన్న అంకెలతో జరుగుతుంది. "మా డెలివరీ చలాన్ ఇరవై ఏళ్లుగా ఇలాగే ఉంది" అన్న పట్టుదలకు ఒక ప్రోగ్రామర్ నెల జీతం, తర్వాత ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ దాన్ని మళ్లీ పరీక్షించే ఖర్చు.

రూపాయల్లోకి రానివి కూడా ఉంటాయి. రేపు ఇంకో యూనిట్ కొంటే దాన్ని ఆరు నెలల్లో కలిపేసుకోగలగడం, పెద్ద కొనుగోలుదారు ఆడిట్‌కు వచ్చినప్పుడు ఏ బ్యాచ్ ఏ లాట్ నుంచి వచ్చిందో గంటలో చూపగలగడం నిజమైన విలువలే. వాటికి బలవంతాన అంకె వేస్తే మిగతా అంకెల మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది. ఒక పేరాలో మాటల్లో రాసి, మొత్తంలో కలపకుండా ఉంచడం మంచిది. వాటికోసమే కొంటున్నామని యజమాని అంటే అదీ ఒక సబబైన కారణమే, అప్పుడు రాబడి శాతం పట్టికను చించేయవచ్చు.

కొలవడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి జవాబు అమలుకు ఏడాది ముందు. పాత వ్యవస్థ ఆగిపోయాక పాత అంకెలు దొరకవు, దొరికినా ఒకే నిర్వచనంతో ఉండవు. నెలాఖరు స్టాకును కాకుండా రోజువారీ సగటును తీసుకోవాలి, ఎందుకంటే నెలాఖరున ఏ లారీని గేటు బయట ఆపితే అంకె అందంగా ఉంటుందో స్టోర్స్‌లో అందరికీ తెలుసు. ధరల హెచ్చుతగ్గులు కలవకుండా ముఖ్యమైన పది పదిహేను వస్తువులను కిలోల్లోనూ రాసుకోవాలి. ప్రతి లాభానికీ ఎదురుగా ఒక విభాగాధిపతి పేరుండాలి, ఆ అంకె వచ్చే ఏడాది ఆయన బడ్జెట్‌లోంచి ముందే తగ్గించాలి. ఈ ఒక్క షరతు పెట్టగానే ప్రతిపాదనలోని సగం లాభాలు సమావేశం ముగియకముందే కరిగిపోతాయి, మిగిలిన సగం నిజమైనవని నమ్మవచ్చు. కొలిచే పనిని అమలు చేసిన సంస్థకు మాత్రం అప్పగించకూడదు. కాస్ట్ అకౌంటెంట్‌కో, ఇంటర్నల్ ఆడిట్‌కో ఇవ్వాలి.

మళ్లీ డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు

ఈ లెక్కల అవసరం ఇప్పుడు నగరంలోని చాలా కంపెనీలకు రెండోసారి వచ్చింది. శాప్ తన పాత ఈసీసీ వ్యవస్థకు ప్రధాన నిర్వహణ సేవలను 2027 చివరితో ఆపుతానని, అదనపు రుసుముతో 2030 చివరి వరకు కొనసాగిస్తానని ప్రకటించింది. 2015లో వచ్చిన దాని కొత్త తరం వ్యవస్థ ఎస్/4 హానాకు మారాలన్న ప్రతిపాదనలు అందరి బల్లల మీదా ఉన్నాయి. వాటిలో స్టాకు తగ్గుదల, వేగంగా నెల ఖాతాల ముగింపు, మిగిలే పని గంటలు మళ్లీ కనిపిస్తున్నాయి, ఇవే లాభాలను చూపించి మొదటి వ్యవస్థను అమ్మిన సంగతి ఎవరికీ గుర్తు లేనట్టుగా. ఇటువంటప్పుడు 2030 దాకా ఆగితే అయ్యే ఖర్చు, ఇప్పుడే మారితే అయ్యే ఖర్చు పక్కపక్కన రాసి, చూపిస్తున్న ప్రతి లాభం ఎదురుగా అది పాత వ్యవస్థలో ఎందుకు రాలేదో ఒక వాక్యం రాయమని అడగాలి. సాంకేతిక పరిమితి వల్ల రాలేదంటే ఆ లాభం మార్పిడి ఖాతాలోకి వెళుతుంది. జీఆర్‌ఎన్ రెండు రోజులు ఆలస్యంగా పడటం వల్ల రాలేదని తేలితే, దానికి కావలసిన పెట్టుబడి స్టోర్స్‌లో ఇంకొక గుమస్తా జీతం, ఆ పద్దును ప్రతిపాదనలోంచి తీసేసి ఈ నెలే మంజూరు చేయవచ్చు.